కలెక్టరు కుర్చీ నుంచి కాలువ కమిషన్ దాకా: తొలినాటి అమెరికాలో పదవుల పందేరం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకి వినబడుతోంది కదా? సరే.

అమెరికా తొలిరోజుల చరిత్ర అనగానే మనకు వాషింగ్టన్, స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం గుర్తొస్తాయి. ఈ సాయంత్రం వాటి జోలికి పెద్దగా వెళ్లను. ఒక చిన్న రేవు ఊళ్లో సుంకాలు వసూలు చేసే ఉద్యోగం గురించీ, జిల్లా షెరీఫ్ గురించీ, పిండి పీపాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ గురించీ మాట్లాడతాను. ఒక దేశంలో ప్రజాస్వామ్యం ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే పెద్ద సభల్లో ఏం మాట్లాడుకున్నారో చూస్తే సరిపోదు. చిన్న కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరిని లేపేశారు, ఎందుకు లేపేశారు అన్నది చూడాలి. చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

కనెక్టికట్ రాష్ట్రంలో న్యూహేవన్ అని ఒక రేవు పట్టణం. 1801 ఫిబ్రవరిలో అక్కడి కస్టమ్స్ కలెక్టరు చనిపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాషింగ్టన్‌లో అధికారం చేతులు మారుతోంది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఎన్నికల్లో ఓడిపోయాడు. థామస్ జెఫర్సన్ మార్చి 4న పదవి చేపట్టాలి. దిగిపోయే ముందు ఆడమ్స్ ఖాళీగా ఉన్న పదవులన్నీ తన ఫెడరలిస్టు పార్టీ వాళ్లతో నింపేశాడు. న్యూహేవన్ కలెక్టరుగా ఎలైజర్ గుడ్రిచ్ అనే కాంగ్రెస్ సభ్యుణ్ణి వేశాడు. గుడ్రిచ్ తన సీటు వదులుకుని ఈ ఉద్యోగంలో చేరాడు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. దేశ చట్టసభలో సభ్యత్వం వదిలేసి ఒక రేవులో సుంకాల అధికారి అయ్యాడంటే ఆ కుర్చీ విలువ ఎంతై ఉండాలి!

జెఫర్సన్ వచ్చాడు. ఓడిపోయానని తెలిశాక కూడా ఆడమ్స్ చేసిన నియామకాలు చెల్లవన్నాడు. మే నెలలో గుడ్రిచ్‌ను తీసేసి ఆ స్థానంలో శామ్యూల్ బిషప్ అనే ఆయన్ని వేశాడు. బిషప్ వయసు 77 ఏళ్లు. అప్పటికే ఆయన న్యూహేవన్ మేయరు, కౌంటీ కోర్టులో జడ్జి, వీలునామాల వ్యవహారాలు చూసే ప్రొబేట్ జడ్జి కూడా. మరి అంత పెద్దాయనకి ఈ ఉద్యోగం ఎందుకు? ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన కొడుకు అబ్రహాం బిషప్ జెఫర్సన్ పార్టీకి కనెక్టికట్‌లో గట్టి గొంతు. 1800 సెప్టెంబరులో యేల్ కాలేజీలోని ఒక సంఘం అతన్ని ప్రసంగానికి పిలిచింది. రాసుకున్న ప్రసంగం ముందే చూసి, అది రాజకీయమని పిలుపు వెనక్కి తీసుకుంది. అతను అదే ఊళ్లో వేరేచోట నిలబడి అదే ప్రసంగం చేశాడు. జనం విరగబడి వచ్చారు. ఫెడరలిస్టులు, చర్చి పెద్దలు, పెద్ద వర్తకులు కలిసి రాష్ట్రాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారని ఎదురుగా నిలబడి తిట్టిన మనిషి అతను. కొడుకు చేసిన సేవకి తండ్రికి పదవి దక్కింది.

న్యూహేవన్ వర్తకులు మండిపడ్డారు. జూన్‌లో జెఫర్సన్‌కి ఒక మహజరు పంపారు. గుడ్రిచ్ పని బాగా చేస్తున్నాడు, అతని మీద ఒక్క ఫిర్యాదూ లేదు, ఈ ముసలాయనకి చూపు ఆనదు, లెక్కల సంగతి తెలియదు, పని జరగదు అని దాని సారాంశం.

జెఫర్సన్ జూలై 12న జవాబు రాశాడు. నా దృష్టిలో అమెరికా రాజకీయాల్లో అంత నిజాయితీగా, అదే సమయంలో అంత ఇబ్బంది పెట్టేలా రాసిన ఉత్తరాలు తక్కువ. వయసు మాటకి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను గుర్తుచేశాడు. ఇంతకంటే పెద్ద వయసులో ఆయన మానవజాతికే అలంకారంగా ఉన్నాడు కదా అన్నాడు. బిషప్‌కి మేయరు పదవి, జడ్జి పదవులు ఇచ్చింది మీ రాష్ట్రం వాళ్లే కదా అన్నాడు. ఆ తర్వాత అసలు మాటకి వచ్చాడు. పదవులన్నీ ఒకే పక్షం వాళ్ల దగ్గర ఉన్నాయి, దేశంలో ఎక్కువమంది మరో పక్షానికి ఓటేశారు, మరి ఆ పక్షం వాళ్లకీ న్యాయమైన వాటా దక్కాలంటే ఖాళీలు ఎలా వస్తాయి? చావు వల్ల వచ్చే ఖాళీలు కొద్ది, రాజీనామాల వల్ల వచ్చేవి అసలే లేవు. తొలగించడం తప్ప ఇంకో దారి మీరే చెప్పండి అని అడిగాడు.

చివర్లో ఇంకో మాట కూడా రాశాడు. అభ్యర్థి నిజాయితీపరుడా, సమర్థుడా, రాజ్యాంగానికి విధేయుడా అన్న మూడు ప్రశ్నలు మాత్రమే అడిగే రోజు వస్తే సంతోషిస్తానన్నాడు. కానీ ఆ రోజు ఇవాళ కాదన్నమాట. ముందు లెక్క సరిచేయాలి.

దీని మీద నా అభిప్రాయం దాచుకోను. జెఫర్సన్ చెప్పిన సూత్రంలో న్యాయం ఉంది. కనెక్టికట్‌లో ఫెడరలిస్టులు ఏళ్ల తరబడి ఒకే గూటి పక్షుల్లా పదవులు పంచుకున్నారు. బయటివాడికి గుమాస్తా ఉద్యోగం కూడా దొరకని పరిస్థితి. దాన్ని పగలగొట్టాల్సిందే. కానీ ఆ సూత్రానికి ఎంచుకున్న మనిషి తప్పు. 1803లో శామ్యూల్ బిషప్ చనిపోయాక ఆ కుర్చీలోకి ఎవరొచ్చారో చూడండి. కొడుకు అబ్రహాం బిషప్. 1829 దాకా అతనే ఉన్నాడు. ఒక గుత్తాధిపత్యాన్ని పగలగొడతామని బయల్దేరి, అదే కుర్చీని తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా అప్పజెప్పారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే అబ్రహాం బిషప్ 1800లో మాట్లాడిన మాటల్లో చాలా భాగం నిజం.

ఇప్పుడే ముందు వరస నుంచి ఒక అమ్మాయి చీటీ పంపింది. "అంత చిన్న ఉద్యోగాల కోసం ఇంత కొట్లాట ఎందుకండీ?" అని. మంచి ప్రశ్న. నేను కొంచెం తర్వాత చెబుదామనుకున్నాను, ఇప్పుడే చెప్పేస్తాను.

ఆ రోజుల్లో ఆదాయపు పన్ను లేదు. కేంద్ర ప్రభుత్వ ఖజానాకి వచ్చే సొమ్ములో అత్యధిక భాగం రేవుల్లో వసూలయ్యే దిగుమతి సుంకాలే. కాబట్టి కలెక్టరంటే ఊళ్లో ఢిల్లీ దర్బారు ప్రతినిధి లాంటివాడు అనుకోండి. ఓడ సరుకు ఎప్పుడు దిగాలి, సుంకానికి ఎవరికి గడువు ఇవ్వాలి అన్నవి అతని చేతిలో పనులు. కింద తూకందారులు, కొలతలవాళ్లు, తనిఖీదారులు ఉంటారు. వాళ్లని ఎంచుకోవడంలోనూ అతని మాటే చెల్లుతుంది. ఒక్క కుర్చీ దొరికితే పది కుర్చీలు దొరికినట్టు.

రెండోది, చాలా ఉద్యోగాలకి జీతం కాదు, ఫీజులు. కౌంటీ క్లర్కు ఒక దస్తావేజు నమోదు చేస్తే ఇంత, షెరీఫ్ ఒక సమను అందజేస్తే ఇంత, ఇన్‌స్పెక్టర్ ఒక పీపా మీద ముద్ర వేస్తే ఇంత. జనం పెరిగేకొద్దీ, వ్యాపారం పెరిగేకొద్దీ ఫీజులు పెరుగుతాయి. న్యూయార్క్ మేయరుకీ అంతే. లైసెన్సుల ఫీజులు, ఇతర రుసుములు కలిపి మంచి రాబడి. 1802లో అమెరికా సెనేటర్ అయిన డీవిట్ క్లింటన్ మరుసటి ఏడాదే ఆ సీటుకి రాజీనామా చేసి న్యూయార్క్ మేయరుగా వెళ్లిపోయాడు. ఇవాళ మనకి వింతగా ఉంటుంది. అప్పుడు ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. సెనేట్‌లో గౌరవం ఉంది, మేయరు కుర్చీలో రాబడీ ఉంది, పంచిపెట్టడానికి చిన్నాచితకా పనులూ ఉన్నాయి.

అమ్మా, సమాధానం సరిపోయిందా? ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, అప్పుడు ఈ న్యూయార్క్ సంగతి బాగా అర్థమవుతుంది.

ఈ రోగం స్వాతంత్ర్యంతో రాలేదు. బ్రిటిష్ రాజు పంపిన గవర్నర్ల కాలం నుంచీ ఉంది. 1760లో బోస్టన్‌లో మాసచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి చనిపోయాడు. బార్న్‌స్టబుల్‌కి చెందిన జేమ్స్ ఓటిస్ అనే పెద్దాయనకి సుపీరియర్ కోర్టులో చోటు ఇస్తానని పాత గవర్నరు ఒకరు ఎప్పుడో మాటిచ్చాడట. కొత్తగా వచ్చిన గవర్నర్ ఫ్రాన్సిస్ బెర్నార్డ్ ఆ పదవిని థామస్ హచిన్సన్‌కి ఇచ్చాడు. హచిన్సన్ న్యాయవాది కాదు. పైగా అప్పటికే లెఫ్టినెంట్ గవర్నరు, గవర్నరు కౌన్సిల్లో సభ్యుడు, ప్రొబేట్ జడ్జి, రేవులోని కోటకి అధిపతి. ఆయన తోడల్లుడు ఆండ్రూ ఆలివర్ ప్రభుత్వ కార్యదర్శి. ఆండ్రూ తమ్ముడు పీటర్ ఆలివర్ అదే కోర్టులో జడ్జి, తర్వాత రోజుల్లో హచిన్సన్‌కి వియ్యంకుడు కూడా. అంటే శాసనం చేసే చోట, తీర్పు చెప్పే చోట, కాగితం మీద ముద్ర వేసే చోట ఒకే చుట్టరికం. ఓటిస్ కొడుకు, ఆయన పేరూ జేమ్స్ ఓటిసే, మరుసటి ఏడాది కస్టమ్స్ సోదా వారంట్లకి వ్యతిరేకంగా అదే హచిన్సన్ ముందు వాదించాడు. తండ్రికి పదవి రాలేదన్న కోపంతోనే చేశాడని ప్రత్యర్థులు జీవితాంతం అన్నారు. నేనైతే ఒక్క కోపం వల్లే అనను. కానీ కోపం లేదని కూడా అనను. మనుషుల్లో సూత్రం, రోషం వేర్వేరు అరల్లో ఉండవు.

1776 స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద చేసిన ఆరోపణల్లో ఒకటి ఇదే. కొత్త కొత్త పదవులు సృష్టించి, మా జనాన్ని పీడించడానికి మిడతల దండులా అధికారుల్ని తోలాడని. అందుకే స్వతంత్ర రాష్ట్రాలు రాజ్యాంగాలు రాసుకునేటప్పుడు అందరి మనసుల్లో ఉన్న భయం ఒక్కటే: గవర్నరు చేతికి నియామకాలు ఇస్తే వాడు చిన్న రాజవుతాడు.

న్యూయార్క్ ఆ భయానికి ఒక మందు కనిపెట్టింది. 1777 రాజ్యాంగంలో నియామకాల మండలి అని ఒకటి పెట్టింది. రాష్ట్రాన్ని నాలుగు పెద్ద సెనేట్ జిల్లాలుగా విడగొట్టారు. ఏటా అసెంబ్లీ ఒక్కో జిల్లా నుంచి ఒక సెనేటరును ఎన్నుకుంటుంది. ఆ నలుగురూ గవర్నరుతో కలిసి కూర్చుంటారు. గవర్నరుకి మామూలు ఓటు లేదు, ఓట్లు సమానమైతే కాస్టింగ్ ఓటు మాత్రం ఉంది. రాష్ట్రంలో జడ్జీలు, మేయర్లు, షెరీఫ్‌లు, కౌంటీ క్లర్కులు, జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే ఊరి న్యాయాధికారులు, వేలంపాటదారులు, సరుకుల ఇన్‌స్పెక్టర్లు, మిలీషియా అనే పౌర సైన్యపు దళపతులు అందర్నీ ఈ అయిదుగురే నియమిస్తారు. అయిదుగురు, ఒక గది, తలుపు మూసి ఉంటుంది.

కాగితం మీద చూస్తే తెలివైన ఏర్పాటే. ఒక్కడి చేతిలో అధికారం లేదు కదా! కానీ నా మాట గుర్తుపెట్టుకోండి, ఇందులో రెండు లోపాలున్నాయి. ఒకటి, అధికారం అయిదుగురికి పంచారు, బాధ్యత మాత్రం ఎవరికీ అంటలేదు. ఫలానా షెరీఫ్‌ని ఎందుకు తీసేశారని గవర్నరుని అడిగితే "నాకు ఓటే లేదు, వాళ్ల నిర్ణయం" అంటాడు. సెనేటరుని అడిగితే "మండలి నిర్ణయం" అంటాడు. రెండోది, ఆ నలుగురూ ఏటా మారతారు. అసెంబ్లీలో మెజారిటీ మారిన ప్రతిసారీ మండలి మారుతుంది. మండలి మారిన ప్రతిసారీ రాష్ట్రమంతటా ఊళ్లలో కుర్చీలు మారతాయి. ఎక్కడో అడవి అంచున ఉన్న కౌంటీలో క్లర్కుకి కూడా ప్రతి ఎన్నికా టెన్షనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. పేరు ప్రతిపాదించేది ఎవరు? గవర్నరు ఒక్కడేనా, సెనేటర్లు కూడానా? రాజ్యాంగం స్పష్టంగా చెప్పలేదు. జార్జ్ క్లింటన్ 1777 నుంచి పద్దెనిమిదేళ్లు గవర్నరుగా ఉండి, పేర్లు తానే ప్రతిపాదించేవాడు. 1794లో ఫెడరలిస్టుల చేతికి మండలి వచ్చింది. వాళ్లు ఆయన అభ్యంతరం లెక్కచేయకుండా తమవాడైన ఎగ్బర్ట్ బెన్సన్‌ను రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిగా వేశారు. పేర్లు చెప్పే హక్కు మాకూ ఉందన్నారు. క్లింటన్ కాదన్నాడు. ఏడేళ్లకి పావులు తిరగబడ్డాయి. 1801లో గవర్నరు ఫెడరలిస్టు జాన్ జే. మండలిలో మెజారిటీ రిపబ్లికన్లది. ఇక్కడ రిపబ్లికన్లంటే జెఫర్సన్ పార్టీ, ఇప్పటి రిపబ్లికన్ పార్టీ కాదు. ఆ మెజారిటీకి నాయకుడు జార్జ్ క్లింటన్ అన్నకొడుకు డీవిట్ క్లింటన్, వయసు 31. జే చెప్పిన పేర్లను వాళ్లు ఒప్పుకోరు. వాళ్లు చెప్పిన పేర్లను జే ఓటింగుకి పెట్టడు. ఫిబ్రవరిలో జే సమావేశం వాయిదా వేసి వెళ్లిపోయాడు, పదవి దిగేదాకా మళ్లీ పిలవలేదు. నియామకాలు నిలిచిపోయాయి.

ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర రాజధాని ఆల్బనీలో ప్రత్యేక సభ పెట్టి ఈ తగువు తేల్చారు. సభాధ్యక్షుడు అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు ఏరన్ బర్. పేర్లు ప్రతిపాదించే హక్కు గవర్నరుతో పాటు ప్రతి సభ్యుడికీ ఉందని తేల్చారు. బాబాయి 1794లో వద్దన్న హక్కునే అబ్బాయి 1801లో సాధించాడు. సభ తీర్పు కోసం కూడా డీవిట్ ఆగలేదు. జూలైలో బాబాయి మళ్లీ గవర్నరు కాగానే, ఆగస్టు నుంచే మండలి ఫెడరలిస్టుల్ని ఊడ్చిపారేయడం మొదలుపెట్టింది. 1789 నుంచి న్యూయార్క్ మేయరుగా ఉన్న రిచర్డ్ వారిక్ పోయాడు, ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ వచ్చాడు.

విచిత్రం ఏమిటంటే అసలు కొట్లాట ఫెడరలిస్టులతో కాదు, సొంత పార్టీలోనే. న్యూయార్క్ రిపబ్లికన్లలో మూడు వర్గాలు: క్లింటన్లు, లివింగ్‌స్టన్లు, బర్ మనుషులు. 1800 ఎన్నికల్లో న్యూయార్క్ నగరాన్ని గెలిపించింది బర్. పందేరం దగ్గరికి వచ్చేసరికి అతని మనుషులకి దాదాపు మొండిచెయ్యే. మాథ్యూ డేవిస్ అనే బర్ అనుచరుడు న్యూయార్క్ రేవులో నేవల్ ఆఫీసర్ అనే సుంకాల అధికారి పదవి కోసం అప్పటి రోడ్ల మీద వర్జీనియాలోని జెఫర్సన్ ఇంటిదాకా ప్రయాణం చేశాడు. పదవి రాలేదు. బర్ మీద జెఫర్సన్‌కి అప్పటికే నమ్మకం లేదు. ఆ మంట చల్లారలేదు. 1802 జూలై 31న డీవిట్ క్లింటన్, బర్ స్నేహితుడు జాన్ స్వార్ట్‌వౌట్ హడ్సన్ నది అవతల వీహాకెన్‌లో తుపాకులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. అయిదు రౌండ్లు కాల్చుకున్నారు. స్వార్ట్‌వౌట్ కాలికి రెండు గుళ్లు తగిలాయి. అయినా ఇంకా కాల్చమన్నాడు. క్లింటన్ ఇక చాలని వెనుదిరిగాడు. రెండేళ్ల తర్వాత అదే వీహాకెన్‌లో బర్ చేతిలో ఫెడరలిస్టు నాయకుడు హామిల్టన్ చనిపోయాడు. అది అందరికీ తెలుసు. ఈ ముందరి కాల్పుల సంగతి చాలామందికి తెలియదు.

న్యూయార్క్ మేయరు కుర్చీ చరిత్ర చెబితే మీకు ఈ మండలి పద్ధతి కళ్లకు కడుతుంది. 1803లో డీవిట్ క్లింటన్ మేయరు. 1807లో మండలి అతని వ్యతిరేకుల చేతికి వచ్చింది, అతన్ని తీసేసి స్వాతంత్ర్య సమర యోధుడు మారినస్ విలెట్‌ను పెట్టారు. 1808లో మళ్లీ క్లింటన్. 1810లో ఫెడరలిస్టుల మండలి, జేకబ్ రాడ్‌క్లిఫ్ మేయరు. 1811లో మళ్లీ క్లింటన్. 1815లో మళ్లీ ఉద్వాసన. ఇన్నిసార్లలో ఒక్కసారి కూడా న్యూయార్క్ నగర ప్రజల్ని ఎవరూ అడగలేదు. మేయరుని జనం నేరుగా ఎన్నుకోవడం 1834లో గానీ మొదలు కాలేదు.

మేయరు సంగతి అలా ఉంచండి. పెద్దవాళ్లకి ఒక కుర్చీ పోతే ఇంకోటి దొరుకుతుంది. నాకు బాధ కలిగించేది చిన్నవాళ్ల సంగతి. కొలంబియా కౌంటీలో వీలునామాలు, వారసత్వ ఆస్తుల తగాదాలు చూసే పదవి ఒకటుంది, సరొగేట్ అంటారు. భర్త పోయిన స్త్రీలు, తండ్రి లేని పిల్లలు వెళ్లేది ఆ గుమ్మానికే. 1808లో ఆ పదవి నుంచి జేమ్స్ వాన్ ఏలెన్‌ను తీసేసి ఒక పాతికేళ్ల వకీలుని వేశారు. ఆ వకీలు పేరు మార్టిన్ వాన్ బ్యూరెన్, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడు. పదవి పోయిన వాన్ ఏలెన్ ఎవరో కాదు, అతని సొంత అన్న. తల్లి ఒకరే, తండ్రులు వేరు. ఇద్దరూ కలిసి వకీలు వృత్తి చేశారు. పార్టీలు వేరు, అంతే. 1813లో మండలి మారింది, తమ్ముడి పదవి పోయింది. 1815లో అన్న మళ్లీ ఆ పదవిలోకి వచ్చాడు. ఏ దస్తావేజు ఎక్కడుందో, ఏ అనాథ ఆస్తి ఎవరి సంరక్షణలో ఉందో తెలుసుకునేలోపే మనిషి మారిపోతే ఆ కౌంటీ జనం గతేం కాను? మండలి గదిలో ఈ ప్రశ్నకి చోటు లేదు.

వాన్ బ్యూరెన్ మాత్రం ఈ పద్ధతి నుంచి గట్టి పాఠం నేర్చుకున్నాడు. క్లింటన్, బర్, లివింగ్‌స్టన్ల కాలంలో పందేరం కుటుంబాలకి, స్నేహాలకి జరిగేది. వాన్ బ్యూరెన్ దాన్ని పార్టీకి మార్చాడు. పార్టీ సమావేశంలో తీర్మానం జరిగాక ఎవరికీ సొంత గొంతు ఉండకూడదు, విధేయంగా పనిచేసినవాడికి వంతు వస్తుంది, ధిక్కరించినవాడికి రాదు. ఆల్బనీ రీజెన్సీ అని ఆ బృందానికి పేరొచ్చింది. పాత పద్ధతి కంటే ఇది ఒక మెట్టు మేలు అంటాను నేను. తాతల పేరు లేని సామాన్యుడికి, వాన్ బ్యూరెన్ లాంటి హోటలు నడుపుకునేవాడి కొడుక్కి, ఇందులో పైకి వచ్చే దారి ఉంది. కానీ ఉద్యోగం అన్నది జనానికి చేసే పని అన్న ఊహ ఇందులోనూ లేదు.

1817లో డీవిట్ క్లింటన్ గవర్నరయ్యాడు. వాన్ బ్యూరెన్ అప్పుడు రాష్ట్ర అటార్నీ జనరల్. 1819లో క్లింటన్ మండలి అతన్ని పీకేసింది. 1821కల్లా మండలి వాన్ బ్యూరెన్ మనుషుల చేతికి వచ్చింది, క్లింటన్ మనుషులు వరసగా ఇళ్లకి వెళ్లారు. గవర్నరు క్లింటన్ అదే గదిలో కూర్చుని అదంతా చూస్తూ ఉండాల్సి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు మా రాష్ట్ర ఎన్నికల్లో తలదూరుస్తున్నారని క్లింటన్ అసెంబ్లీకి ఆకుపచ్చ సంచిలో కాగితాలు పంపాడు. ఆ కాగితాల్లో వాన్ బ్యూరెన్ రాసిన ఉత్తరం ఒకటి దొరికింది. పోస్టుమాస్టర్లు మనకి వ్యతిరేకంగా ఉన్నారు, కొందర్ని మార్పించండి అని వాషింగ్టన్‌లో ఉన్న కాంగ్రెస్ సభ్యుడికి చేసిన సిఫారసు అది. పోస్టుమాస్టరే ఎందుకంటారా? ఆ రోజుల్లో పత్రికలు టపాలోనే ఊరూరా వెళ్లేవి. టపా ఎవరి చేతిలో ఉంటే ఎవరి పత్రిక త్వరగా చేరుతుందో వాళ్లకి తెలుసు.

అదే 1821లో రాష్ట్రంలో కొత్త రాజ్యాంగం కోసం సభ కూర్చుంది. నియామకాల మీద వేసిన కమిటీకి అధ్యక్షుడు వాన్ బ్యూరెనే. లెక్క తీస్తే మండలి చేతిలో ఉన్న పదవులు: మిలీషియావి 8,287, పౌర పదవులు 6,663. దాదాపు పదిహేను వేలు! అయిదుగురు మనుషులు పదిహేను వేలమందిని ఎలా ఎరుగుదురు? ఎరగరు. ఊరి నుంచి పైరవీకారుడు చీటీ తెస్తాడు, చీటీ మీద పేరుంటుంది, సంతకమవుతుంది. మండలిని రద్దు చేశారు. షెరీఫ్‌లనీ, కౌంటీ క్లర్కులనీ ఇక జనమే ఎన్నుకోవాలన్నారు. ఊరి న్యాయాధికారుల దగ్గర మాత్రం వాన్ బ్యూరెన్ బిగదీశాడు. వేలకొద్దీ పదవులు అవి, ఊరూరా పార్టీకి కాళ్లూ చేతులూ. వాటిని నేరుగా జనానికి వదలకుండా కౌంటీ పెద్దలు, జడ్జీలు పేర్లు చెప్పాలి, కుదరకపోతే గవర్నరు తేల్చాలి అని మెలిక పెట్టించాడు. 1826లో ఆ మెలికా పోయింది, వాళ్లనీ జనమే ఎన్నుకోవడం మొదలైంది.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 1829లో ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడయ్యాడు, న్యూయార్క్ పద్ధతి వాషింగ్టన్‌కి వెళ్లింది. 1832లో సెనేటర్ విలియం మార్సీ వాన్ బ్యూరెన్‌ను వెనకేసుకొస్తూ సెనేట్‌లో అన్నాడు: గెలిచినవాడిదే శత్రువు దగ్గర దోచిన సొమ్ము అన్న నియమంలో మా వాళ్లకి తప్పేమీ కనబడదు అని. ఈ మార్సీ ట్రాయ్ పట్టణంలో రికార్డర్ అనే నగర న్యాయాధికారిగా ఉండి, 1818లో క్లింటన్ వర్గం చేతిలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడే. వీహాకెన్‌లో కాలికి గుళ్లు తగిలిన స్వార్ట్‌వౌట్ తమ్ముడు శామ్యూల్‌ను జాక్సన్ న్యూయార్క్ రేవు కలెక్టరుగా వేశాడు. వద్దని చెప్పినవాళ్లలో వాన్ బ్యూరెన్ ఉన్నాడు. 1838లో శామ్యూల్ యూరప్ వెళ్లిపోయాక లెక్కలు చూస్తే 12 లక్షల డాలర్ల పైచిలుకు తేలలేదు. 1881లో ఉద్యోగం దొరకలేదన్న కసితో ఒకడు అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, పరీక్ష పెట్టి ఉద్యోగాలివ్వడం కొన్నింటికైనా మొదలైంది.

ఒక్క సంఘటన ఇందాక దాటేశాను, కావాలనే చివరికి ఉంచాను. డీవిట్ క్లింటన్ 1810 నుంచి రాష్ట్ర కాలువల కమిషన్‌లో సభ్యుడు. హడ్సన్ నది నుంచి ఈరీ సరస్సు దాకా 363 మైళ్ల కాలువ తవ్వాలన్న పని అది. అందరూ పిచ్చి అన్నప్పుడు పట్టుబట్టి నడిపించిన మనిషి అతను. ఆ పదవికి అతను పైసా జీతం తీసుకోలేదు. 1824 నాటికి గవర్నరు పదవీ లేదు, మేయరు పదవీ లేదు, ఈ జీతం లేని పని ఒక్కటే మిగిలింది. ఏప్రిల్ 12న, శాసనసభ సమావేశాలు ముగిసే రోజున, రీజెన్సీ వాళ్లు తీర్మానం పెట్టి అందులోంచి కూడా తీసేశారు. కారణం చెప్పలేదు. చెప్పడానికి కారణం లేదు.

ఇరవై మూడేళ్లుగా ఊళ్లో క్లర్కుల్ని తీసేస్తుంటే, షెరీఫ్‌లని తీసేస్తుంటే, అందులో ఎన్నింటినో ఈ క్లింటనే చేయిస్తుంటే, జనం చూసి ఊరుకున్నారు. ఈసారి ఊరుకోలేదు. న్యూయార్క్‌లో, ఆల్బనీలో సభలు పెట్టారు. అతని రాజకీయం నచ్చనివాళ్లు కూడా వచ్చారు. తీసేసింది కూలి అడగకుండా పనిచేసేవాణ్ణి కదా, అది వాళ్లకి కడుపులో తగిలింది. నవంబరులో క్లింటన్ మంచి మెజారిటీతో మళ్లీ గవర్నరయ్యాడు. 1825 అక్టోబరు 26న బఫలోలో పడవ ఎక్కాడు. దారిపొడుగునా కాలువ గట్ల మీద జనం. నవంబరు 4న న్యూయార్క్ రేవు దాటి, పీపాలో తెచ్చిన ఈరీ సరస్సు నీళ్లు సముద్రంలో పోశాడు.

టైమ్ అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి, ముందు ఆ చీటీ పంపిన అమ్మాయికి మైకు ఇవ్వండి.